కువైట్ మనకు, గ్రీన్ కార్డు వాళ్లకా?

పాస్‌పోర్టుకు కూడా కులం ఉంది. నమ్మకుంటే ఊళ్లో రెండు పాస్‌పోర్టులు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతి గట్టెక్కనోళ్ల పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అంటే గల్ఫు లాంటి దేశాలకు పనికి పోవాలంటే వీళ్లు ముందుగా వలస అధికారి అనుమతి తెచ్చుకోవాల. పది పాసైనోళ్లకు ఆ బాధ లేదు. 1983 వలస చట్టం గీసిన గీత ఇది. కూలోళ్లను దళారుల నుంచి కాపాడేదానికే ఈ ఏర్పాటని సర్కారు చెబుతుంది. ఆ మాట పూర్తిగా కొట్టిపారెయ్యం. కానీ పది తప్పేదెవరు? కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ దిక్కు పల్లెల్లో బడి మధ్యలో పుస్తకాలు మూటగట్టి అమ్మానాయనల వెంట సుగ్గికి పోయే పిల్లలెవరు? గుంటూరు మిరప చేలల్లో, బెంగుళూరు బేల్దారి పనుల్లో తేలే పిల్లలెవరు? మాల మాదిగలు, బోయలు, కురువలు, దూదేకులోళ్లు. మునసబు కొడుకు సుగ్గికి పోయినాడని ఎవరైనా విన్నారా? బడిలో మొదలైన గీత పాస్‌పోర్టు మీద తేలుతుంది. అంతే తేడా.

అందుకే మన ఇండ్లల్లో ‘ఫారిన్’ అంటే కువైట్. పెద్దిండ్లల్లో ‘ఫారిన్’ అంటే అమెరికా. ఒకే మాట, రెండు బతుకులు.

రాయచోటి, రాజంపేట, చిట్వేలి, రైల్వే కోడూరు దిక్కు పోతే కువైట్ ముఖం చూడని వీధి తక్కువ. మన ఆడోళ్లు, పేద ముస్లిం ఆడోళ్లు చంటిపిల్లలను అవ్వల కాడ ఇడిసిపెట్టి అక్కడ ఇంటిపనికి పోతారు. ఖద్దామా అంటారు వాళ్లను. కఫీల్ చేతిలో వీసా, కఫీల్ చేతిలో పాస్‌పోర్టు, కఫీల్ చేతిలో ప్రాణం. ఇంటిపనోళ్లకు నెలకు కనీసం 60 దినార్లు ఇయ్యాలని కువైట్ సర్కారు 2016లో కట్టడి చేసింది. చేతికొచ్చేదెంతో వచ్చినోళ్లను అడగండి. దెబ్బలు తట్టుకోలేక ఆ ఇంట్లో నుంచి బయటపడితే ఆమె పారిపోయిన మనిషి, అంటే నేరస్తురాలు. 2018లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేని మనోళ్లు బారులు తీరి ఇంటిముఖం పట్టినారు. క్షమించేదానికి వాళ్లు చేసిన తప్పేంది? ముప్పై ఏండ్లు ఆ ఇంట్లో గిన్నెలు కడిగినా ఆ దేశంలో ఆమెకు శాశ్వత నివాసం రాదు. నడుం వంగినాక మన ఊరి చెట్టు కిందికే రావాల.

ఇంగ రెండో దారి చూడండి. 1965లో అమెరికా వలస చట్టం మార్చింది. డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తెరిచింది. ఆ తలుపులో నుంచి దూరినోళ్లెవరు? మన కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో పెట్టినారు. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో, విశాఖది 1923లో. అన్నీ సర్కారువే, జనం పన్నులతో నడిచినవే. ఆ కాలంలో ఆ బెంచీల మీద ఎక్కువగా కూచున్నోళ్లు భూములున్న కులాల పిల్లలు, బ్రాహ్మణ కరణాల పిల్లలు. మాలపల్లె కట్టిన శిస్తుతో చదువుకొని, చదువు కాగానే విమానం ఎక్కినారు. తిరిగొస్తామని వాళ్ల చేత ఎవరైనా బాండు రాయించుకున్నారా? దేశానికి ద్రోహం చేసినారని ఒక్క సంపాదకీయమైనా వచ్చిందా? రాలేదు. పైగా ఊరికొచ్చినప్పుడు సన్మానాలు, పూలదండలు, గుడికి గోపురాలు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో చేసిన అధ్యయనంలో అమెరికాలోని భారతీయుల్లో దళిత, కింది కులాల వాళ్లు నూటికి ఒకటిన్నర మంది అని తేలింది. తొంభై మందికి పైగా అగ్ర కులాలు, ఆధిపత్య కులాల వాళ్లే. అరవై ఏండ్లుగా వాళ్లు ఎవరినీ అడక్కుండా తీసుకున్నది మన పిల్లోడు అడిగేసరికి ‘మేధో వలస’ అయింది, ‘సొంత దేశం మీద ప్రేమ లేదు’ అయింది.

సముద్రం దాటేది మనకు కొత్త కాదు. సముద్రం దాటితే కులం చెడుతుందని పంచాంగం పట్టుకొని ఒడ్డున కూచున్నోళ్లు వాళ్లు. పోగొట్టుకునేదానికి మనకే కులగౌరవం ఉందని భయపడాల? 1860లో మద్రాసు రేవు నుంచి నాటాల్ చెరుకుతోటలకు మొదటి ఓడ పోయింది. మారిషస్‌లో, బర్మాలో తెలుగు కూలోళ్లను కోరంగి రేవు పేరు మీద కోరంగీలనే పిలిచినారు. 1876 ధాత కరువులో మన కర్నూలు, కడప జిల్లాలు ఎముకల గూళ్లయిన సంగతి ముసలోళ్ల నోట వినే పెరిగినాం. కూలిగా, గిరిమిటుగా పోయినప్పుడు మనల్ని ఎవరూ ఆపలేదు. కంపెనీ దొరలకు చేతులు కావాల, మనకు గంజి కావాల. విద్యార్థిగా పోతామంటేనే ర్యాంకు అడుగుతారు, ఆస్తి అడుగుతారు, పూచీ అడుగుతారు.

బాబాసాహెబు ఎట్ల పోయినాడో మన యువజన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్లు ఇస్తానంటే కొలంబియాకు పోయినాడు. బ్యాంకు అప్పు కాదు. ఇల్లు తాకట్టు పెట్టిందీ కాదు. పదేండ్లు బరోడా కొలువు చేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ మాట ప్రకారం 1917లో తిరిగొస్తే బరోడాలో జరిగిందేంది? ఆఫీసు బంట్రోతు కూడా ఫైళ్లు దూరం నుంచి విసిరేసినాడు. ఉండేదానికి ఇల్లు దొరకలేదు. పారశీల సత్రంలో నుంచి కట్టెలు పట్టుకొచ్చి తరిమినారు. ‘తిరిగి రా, దేశానికి సేవ చెయ్’ అని నీతులు చెప్పేటోళ్లు ఈ సంగతి పిల్లలకు చెప్పాల. తిరిగొచ్చిన మనిషికి ఊరు ఏమిచ్చిందో చెప్పకుండా తిరిగి రమ్మనడం మోసం. ఆ మనిషే 1920లో తను కూడబెట్టిన డబ్బుతో, కొల్హాపూరు షాహూ మహారాజు సాయంతో మళ్లీ లండన్ పోయి చదువు పూర్తి చేసినాడు. ఆ మనిషే 1942లో వైస్రాయి లిన్‌లిత్‌గోకు వినతిపత్రం ఇచ్చి, ఎస్సీ పిల్లల విదేశీ చదువులకు ఖజానా నుంచి డబ్బియ్యాలని అడిగినాడు. కాబట్టి విదేశీ చదువు మనకు ఎవరో పెట్టే భిక్ష కాదు. ఆయన రాతపూర్వకంగా అడిగిపెట్టిన బాకీ.

ఆ బాకీ ఎట్ల తీరుస్తాండారో చూద్దాం.

కేంద్ర సర్కారుకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. దేశం మొత్తానికి ఏడాదికి 125 సీట్లు. ఇంత పెద్ద దేశంలో మన జనాభాకు 125! 2022లో దానికి ఒక కొత్త నిబంధన తగిలించినారు: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధన చేస్తామంటే ఆ స్కాలర్‌షిప్ లేదు. అర్థమైందా? కంప్యూటర్లు చదువుకో, కులం గురించి మాత్రం పరాయి దేశంలో నోరు తెరవొద్దు, తెరిస్తే మా డబ్బుతో కాదు. 1916లో కొలంబియాలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివిన అంబేడ్కర్ ఈ నిబంధన కింద అర్జీ పెట్టుంటే మొదటి రోజే చెత్తబుట్టకు పోయుండేది. 2025 జూలైలో ఇంకో చోద్యం. 106 మందిని ఎంపిక చేసి మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చి, మిగతా వాళ్లను నిధులున్నప్పుడు చూస్తామన్నారు. దేశమంతా గొడవైనాక మిగిలినోళ్లకు కూడా ఇచ్చినారు. గొడవ చేస్తే వచ్చింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

రాష్ట్రంలో కథ ఇంకా రసవత్తరం. విదేశీ విద్యకు అంబేడ్కర్ పేరు మీద పథకం ఉండేది. 2019లో ప్రభుత్వం మారినాక అది మూలన పడింది. 2022లో అంబేడ్కర్ పేరు తీసేసి ముఖ్యమంత్రి పేరు పెట్టి లేపినారు. లేపుతూ లేపుతూ ర్యాంకు గీత గీసినారు: ప్రపంచంలో మొదటి 200 యూనివర్సిటీల్లో సీటు తెచ్చుకుంటేనే డబ్బు. తర్వాత సబ్జెక్టుల వారీగా మొదటి 50 అన్నారు. ఎస్సీలకు కోటీ పాతిక లక్షల దాకా ఇస్తామని పత్రికల నిండా ప్రకటనలు. కోటి పాతిక! వినేదానికి చెవులకింపుగా ఉంది. 2023 ఫిబ్రవరిలో మొదటి విడత డబ్బు విడుదల చేస్తే అందులో ఎంతమంది ఉన్నారు? మొత్తం రాష్ట్రానికి, అన్ని కులాలకూ కలిపి 213 మంది. ఆలూరు మండలంలో తెలుగు మీడియం సర్కారు బడిలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఊరవతల ఇంజనీరింగ్ కాలేజీలో గట్టెక్కిన మాదిగ పిల్ల ప్రపంచంలో మొదటి 50లో ఉన్న యూనివర్సిటీకి పోవాలంట. ఆ యాభైలో సీటు తెచ్చుకోగలిగేటోళ్లలో ఎంతమందికి సర్కారు డబ్బు అవసరం? బావి తవ్వి, తాడు అందనంత లోతున చేంత కట్టి, నీళ్లున్నాయి తాగమన్నట్టుంది. 2024లో కొత్త ప్రభుత్వం అంబేడ్కర్ పేరు మళ్లీ పెట్టింది. మంచిదే, పేరు తీసేసినప్పుడు మనం వీధికెక్కినాం కాబట్టే అది తిరిగొచ్చింది. కానీ బోర్డు మీద బాబాసాహెబు ఉండి లోపల పెట్టె ఖాళీగా ఉంటే ఆ బోర్డు మనకెందుకు?

ఫీజు రీయింబర్స్‌మెంటు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. సర్కారు బకాయి పెడుతుంది, కాలేజీ యాజమాన్యం పిల్లోడి సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. మార్కుల జాబితా చేతికి రాకుంటే ఏ దేశం యూనివర్సిటీకైనా అర్జీ పెట్టేదెట్ల? సెప్టెంబరు గడువు పోతుంది, జనవరి గడువు పోతుంది. ఈలోగా పిల్లోడు హైదరాబాదులో డెలివరీ సంచి తగిలించుకొని తిరుగుతుంటాడు. విదేశీ విద్య గురించి మాట్లాడే ఏ అధికారీ ఈ చిన్న సంగతి మాట్లాడడు. మన ఊళ్లల్లో మొదటి అడ్డం ఇదే.

రెండో అడ్డం బ్యాంకు. నాలుగు లక్షల దాకా చదువు అప్పు పూచీ లేకుండా ఇయ్యాల. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. మనకున్న ఆస్తి ఏంది? డి.కె.టి. పట్టా. ఎకరమో రెండెకరాలో, రాళ్ల దిన్నె. 1977 నాటి 9వ నంబరు చట్టం ఆ భూమిని అమ్మడం, కొనడం నిషేధించింది. ఆ నిషేధం మన భూమి మన చేతిలో ఉండేదానికే, దాన్ని మేము సమర్థిస్తాం. కానీ అదే చట్టం బ్యాంకుల తాకట్టుకు మినహాయింపు ఇచ్చింది. ఆ సంగతి బ్యాంకు మేనేజర్లకు తెలీదా? తెలుసు. తెలిసినా పట్టా చూసి పక్కకు తోసి, ‘టౌన్లో ప్లాటు ఏమైనా ఉందా’ అంటాడు. చట్టం ఇచ్చిన హక్కు మేనేజరు టేబులు కాడ చచ్చిపోతుంది. పక్క ఊరి పెద్దరైతు కొడుక్కు కర్నూల్లో మామ ఇల్లు, నంద్యాల్లో ప్లాటు, నలుగురు పూచీదార్లు. వానికి నలభై లక్షల అప్పు నాలుగు వారాల్లో. దీన్నే మెరిట్ అంటారు.

నలభై లక్షలంటే ఎంతో లెక్కేద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. వంద రోజులూ పని దొరికిందనుకున్నా ఏడాదికి 30,700. నలభై లక్షలు కావాలంటే 130 ఏండ్లు తట్ట మొయ్యాల. అమెరికా వీసా అర్జీ రుసుమే 185 డాలర్లు, 16 వేల పైచిలుకు, 50 రోజుల కూలి. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

బ్యాంకు తలుపు మూస్తే తెరిచేది రెండే తలుపులు: వడ్డీ వ్యాపారిది, కన్సల్టెన్సీది. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరుల్లో కాలేజీ రోడ్లు చూడండి. నిన్న మొన్నటి దాకా విత్తనాలు, పురుగుమందులు అమ్మిన వీధుల్లో ఇప్పుడు విమానం బొమ్మలు. నకిలీ విత్తనం అమ్మినోడు పంట పోయినాక కనపడడు. వీళ్లూ అంతే. ‘పి.ఆర్. గ్యారంటీ’ అని రాసిన బోర్డు కనపడితే ఒక్కటే గుర్తుపెట్టుకోండి: ఏ దేశంలోనూ ఏ కాలేజీ శాశ్వత నివాసం ఇయ్యలేదు, ఏ ఏజెంటూ ఇప్పించలేడు. అది ఆ దేశ సర్కారు ఇచ్చేది, చదువైనాక, ఉద్యోగం వచ్చినాక, ఏండ్లు గడిచినాక. ఏజెంటుకు కాలేజీ కమీషన్ ఇస్తుంది. ఏ కాలేజీ ఎక్కువిస్తే అదే మంచి కాలేజీ అని చెబుతాడు.

ఆదోని దిక్కు ఒక బేల్దారి మేస్త్రీ మా కాడికొచ్చినాడు. పేరు, ఊరు రాయం. కొడుకు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి నోట్లు రాసిచ్చి ఏజెంటుకు మూడు లక్షలు కట్టినాడు. బ్యాంకులో డబ్బున్నట్టు నెలరోజులు చూపించేదానికి ఇంకో లక్ష. వీసా రెండుసార్లు తిప్పికొట్టినారు. ఏజెంటును అడిగితే ‘మీవోడు ఇంగ్లీషులో తడబడినాడు’ అన్నాడంట. ‘తడబడతాడని నీకు ముందే తెలీదా సామీ, డబ్బు తీసుకునేటప్పుడు తడబడలేదే నువ్వు’ అని ఆ తండ్రి అడిగిన మాటకు జవాబు లేదు. ఆ పిల్లోడి వీసా పోయింది, వడ్డీ మాత్రం నడుస్తాంది.

వీసా వచ్చినోళ్లందరూ గట్టెక్కినట్టా? 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అది చదువుల దుకాణం కాదు, వీసా కాగితాల దుకాణం. అందులో చేరినోళ్లలో ఎక్కువమంది మన ఆంధ్ర పిల్లలే. కొంతమంది కాళ్లకు నిఘా పట్టీలు బిగించినారు, పశువుకు గుది కట్టినట్టు. దాన్ని నడిపినామెకు 2014లో పదహారేండ్ల జైలు పడింది. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. ఆ యూనివర్సిటీని పెట్టింది అమెరికా సర్కారే, వల పన్నేదానికి. దాదాపు 600 మంది పిల్లలు చేరినారు. వాళ్లను చేర్చి కమీషన్లు తిన్న దళారులు మనోళ్లే, మన భాషే. ‘బాబూ, మేమూ మీ దిక్కోళ్లమే’ అని మాట కలిపినోళ్లే. తెలుగోడు తెలుగోడే అనుకున్నోళ్లు సంకెళ్లతో ఇండ్లకొచ్చినారు.

అప్పు లెక్క కూడా చెప్పాల. ఇరవై లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 40 వేలు వడ్డీ. అమెరికాలో చదివే పిల్లోడు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యాల, అదీ కాలేజీ ఆవరణలోనే. వాళ్ల కేంద్ర చట్టం పెట్టిన కనీస వేతనం గంటకు ఏడుంపావు డాలర్లు, 2009 నుంచి మారలేదు. నాలుగు వారాలకు 580 డాలర్లు. డాలరును 88 రూపాయలుగా లెక్కేస్తే 51 వేలు. అందులో 40 వేలు మన ఊరి వడ్డీకి పోతే మిగిలిన పదకొండు వేలతో ఆ దేశంలో ఇంటి బాడుగ కట్టి తిండి తినగలడా? తినలేడు. కాబట్టి దొంగచాటుగా పెట్రోలు బంకులో, హోటల్లో పనికి పోతాడు. ఆ బంకు, ఆ హోటలు ఎవరివి? చాలాచోట్ల మన ఆసాములవే. కాగితం లేని పనికి కాగితం లేని కూలి. ‘ఇస్తే తీసుకో, లేకుంటే పోలీసులకు చెబుతా’ అంటాడు. ఇది వినని మాటా? మన గట్ల మీద తరతరాలుగా విన్న మాటే గదా! 2025లో అమెరికా సర్కారు గాలింపులు పెంచినాక ఆ దొంగపని కూడా పోయి పిల్లలు రొట్టె ముక్కలతో దినాలు గడిపినారు.

చదువైనాక ఏడాది పని చేసుకోవచ్చు. సైన్సు, ఇంజనీరింగ్ చదివితే ఇంకో రెండేండ్లు. ఆ తర్వాత హెచ్-1బి. దానికి చీటీలు తీస్తారు. ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్సు చదివినోళ్లకు ఇంకో 20 వేలు. 2023లో ఆ చీటీల్లో 7 లక్షల 80 వేలకు పైగా పేర్లు పడినాయి. ఒకే మనిషికి నాలుగైదు కంపెనీల చేత పేర్లు వేయించిన మోసం బయటపడి, 2024 నుంచి మనిషికి ఒకే చీటీ అన్నారు. 2025 సెప్టెంబరులో ఇంకో పిడుగు: బయటి దేశం నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్-1బి మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాల. అక్కడే చదువుకొని వీసా మార్చుకునేటోళ్లకు ఇది వర్తించదని తర్వాత చెప్పినారు.

హెచ్-1బి అంటే ఏందో మన భాషలో చెప్పుకుందాం. అది జీతం. ఉద్యోగం జీతం కాదు, ఆసామి కాడ ఏడాదికి కుదుర్చుకునే జీతం. ఆసామి ఇడిస్తే అరవై రోజుల్లో ఇంకో ఆసామిని వెతుక్కోవాల, లేకుంటే దేశం వదలాల. జీతగాడు ఆసామి మీద పంచాయితీ పెట్టగలడా? గ్రీన్ కార్డు అంటే సొంత చేను. ఏ కంపెనీలో చేసినా, మానేసినా, కోర్టుకెక్కినా దేశం నుంచి తరమలేరు. కానీ ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి లక్షా నలభై వేలు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. అంటే మనలాంటి దేశానికి పదివేల లోపే. 2025లో మనోళ్లకు వంతు నడుస్తాండేది 2013 ప్రాంతంలో అర్జీ పెట్టినోళ్లది. ఈ రోజు చేరే పిల్లోడి వంతు ఎప్పుడొస్తుందో పిల్లోడి కొడుకును అడగాల.

మేము పి.ఆర్. గురించి ఇంత గట్టిగా పట్టుకునేది ఇందుకే. అక్కడ కులం లేదనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. గది బాడుగకు అడిగితే మొదట ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆనక ‘మీరేమిట్లు?’ తెలుగు సంఘాల్లో ఏ సంఘం ఏ కులం పెద్దరికంలో నడుస్తుందో ఇక్కడి పశులకాపరికి కూడా తెలుసు. ఈక్వాలిటీ ల్యాబ్స్ 2018లో బయటపెట్టిన సర్వేలో అమెరికాలోని దళితుల్లో నూటికి 67 మంది పనిచేసే చోట కులం వల్ల అన్యాయం జరిగిందని చెప్పినారు. 2020లో కాలిఫోర్నియా సర్కారే సిస్కో కంపెనీ మీద కేసు వేసింది, ఒక దళిత ఇంజనీరుకు అగ్రకుల మేనేజర్ల కింద వివక్ష జరిగిందని. మేనేజర్ల మీద కేసు 2023లో వెనక్కి తీసుకున్నారు, కంపెనీ మీద మాత్రం సాగించినారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అమెరికాలో అదే మొదటిది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు పాస్ చేస్తే గవర్నరు న్యూసమ్ అక్టోబరులో వీటో చేసినాడు. ఆ బిల్లు మీద ఊరేగింపులు తీసి, ఉత్తరాలు రాసి, అడ్డుపడినోళ్లు ఎవరో వేరే చెప్పాల్నా? కులమే లేదని ఇక్కడ వాదించేటోళ్లు, లేని కులం మీద చట్టమొస్తే అక్కడ ఎందుకు వణికినారు?

మరి ఇంజనీరు ఫిర్యాదు చెయ్యాలంటే కాళ్ల కింద నేల ఉండాల. వీసా మేనేజరు చేతిలో ఉన్నోడు నోరు తెరవలేడు. శాశ్వత నివాసం సుఖం కోసం కాదు, నోరు తెరిచేదానికి. మేరీల్యాండ్‌లో 2023 అక్టోబరులో 19 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టినోళ్లు మనోళ్లే, అక్కడ వేళ్లూనుకున్నోళ్లే. జీతగాళ్లుగా ఉండుంటే నిలబెట్టగలిగేటోళ్లా?

మన పెద్ద కార్యకర్తలు కొందరు ‘చదువుకున్నోళ్లందరూ పోతే కారంచేడు, చుండూరు, వెంపెంట లాంటివి జరిగినప్పుడు నిలబడేదెవరు’ అంటారు. 1956లో ఆగ్రాలో బాబాసాహెబు చదువుకున్నోళ్లు తనను మోసం చేసినారని బాధపడిన సంగతి గుర్తుచేస్తారు. ఆ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోం. 1998లో వెంపెంట దళితులను చంపినప్పుడు కేసు నడిపేదానికి లాయరు ఫీజుకు కూడా ఊరూరా చందాలెత్తాల్సి వచ్చిన కాలం అది. కానీ బాబాసాహెబు తిట్టింది గడప దాటినోళ్లను కాదు, దాటి వెనక్కి చూడనోళ్లను. హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగమొచ్చి ఇంటిపేరు మార్చుకొని పల్లెకు రాని మనిషి ఉన్నాడు. చికాగో నుంచి ఊరి పిల్లల ఫీజు కడుతున్న మనిషీ ఉన్నాడు. వీళ్లల్లో ఎవరు దూరమైనట్టు? పోయే పిల్లలను ఆపేది ఉద్యమం పని కాదు. పోయేటప్పుడు వాళ్ల పేరు, ఫోను నంబరు సంఘం పుస్తకంలో రాసుకునేది ఉద్యమం పని.

అందరూ అమెరికా వైపే చూసేది కూడా మానాల. అది ముందు పోయినోళ్ల బంధువర్గానికి అనువైన దారి. వానికి అక్కడ బావ ఉన్నాడు, బాబాయి ఉన్నాడు. మనకెవరున్నారు? జర్మనీలో సర్కారు యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ అనే రాష్ట్రంలో మాత్రం బయటి దేశాలోళ్ల కాడ సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు కట్టుబడి ఖాతాలో వెయ్యాల, పది లక్షల పైమాటే, కానీ ఆ డబ్బు నెలనెలా మనకే తిరిగొస్తుంది. 2022 నవంబరు నుంచి మన దేశం పిల్లలకు ఎ.పి.ఎస్. సర్టిఫికెట్ తప్పనిసరి. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. చదువైనాక ఉద్యోగం వెతుక్కునేదానికి 18 నెలలు ఇస్తారు. చదువుకు తగిన ఉద్యోగం రెండేండ్లు చేసి, పింఛను చందా కట్టి, జర్మన్ భాష బి-1 స్థాయి పాసైతే శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు. రెండేండ్లెక్కడ, అమెరికా క్యూ ఎక్కడ! భాష కష్టమే. కానీ ఇంగ్లీషు మనకు సులభంగా వచ్చిందా? కెనడా దారి ఇరుకైంది: 2024లో విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టినారు, ఖాతాలో చూపించాల్సిన డబ్బు పదివేల నుంచి 20,635 డాలర్లకు పెంచినారు. ఆస్ట్రేలియా 2024 జూలైలో వీసా రుసుం 710 నుంచి 1,600 డాలర్లకు, 2025లో 2,000కు ఎక్కించింది. అక్కడ పని పదిహేను రోజులకు 48 గంటలు. ఈ నిబంధనలు ఏడాదికోసారి మారతాయి. ఏజెంటు నోట విన్నది కాదు, ఆ దేశ సర్కారు రాతలో ఉన్నదే చూడాల.

ఇంగ పని సంగతి. 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది, 2023లో ఇంకో పదేండ్లు పొడిగించినారు. ఆ డబ్బు మన జనాభా వాటా కింద మనకు రావాల్సిన డబ్బు. అందులో నుంచి విదేశీ విద్యకు జిల్లాకింత అని విడిగా తీసిపెట్టాల. ర్యాంకు గీత ఏ రూపంలో ఉన్నా తుడిచెయ్యాల. యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే చాలు. డబ్బు సీటు వచ్చినాక ఏడాదికి కాదు, విమానం ఎక్కకముందే ఇయ్యాల. బకాయిల పేరుతో సర్టిఫికెట్లు పట్టుకున్న యాజమాన్యం మీద కలెక్టరు చర్య తీసుకోవాల. డి.కె.టి. పట్టా మీద చదువు అప్పు ఇయ్యమని జిల్లా బ్యాంకర్ల సమావేశంలో తీర్మానం చేయించాల. ఇంగ్లీషు, జర్మన్ నేర్పే తరగతులు సాంఘిక సంక్షేమ హాస్టళ్లలోనే పెట్టాల. ఇచ్చిన సాయంలో మాదిగలెందరు, మాలలెందరు, రెల్లి, డక్కలి వాళ్లలో ఒక్కరైనా ఉన్నారా, ఆడపిల్లలెందరు, ఆ లెక్క గోడ మీద అతికించాల.

ప్రతి మండలం నుంచి సమాచార హక్కు కింద జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి ఒక్కొక్క అర్జీ పెట్టండి. మూడు ప్రశ్నలు చాలు: 2014 నుంచి మన జిల్లాలో విదేశీ విద్యకు ఎందరు ఎస్సీలు అర్జీ పెట్టినారు, ఎందరికి ఇచ్చినారు, ఎంత సొమ్ము ఇంకా బాకీ ఉంది. పది రూపాయల ఖర్చు. తెల్ల రేషన్ కార్డుంటే అదీ లేదు, కార్డు నకలు జత చేస్తే చాలు. ముప్పై రోజుల్లో జవాబియ్యాల, ఇయ్యకుంటే అప్పీలు. సర్టిఫికెట్లు ఆపిన పిల్లలుంటే వాళ్లను వెంటబెట్టుకొని సోమవారం కలెక్టరు అర్జీల రోజుకు రండి. ఏజెంట్ల కాడ మోసపోయినోళ్లు కట్టిన డబ్బుకు రశీదు, ఫోన్‌పే కాగితం, ఏదుంటే అది తీసుకురండి. అర్జీ రెండు నకళ్లు రాయండి. రెండోదాని మీద తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోకుండా ఆ గదిలో నుంచి కదలొద్దు.